నడిమి కమాను మీద నా వాదన

సోమవారం

నాకు రాయడం రాదు. రాదని నా మాట లేకుండా పోకూడదు. అందుకని నేను చెప్తాను, కోడలు రాస్తుంది. ఇది ఎవరికీ చూపించేది కాదు. పాత కట్టడాల కమిటీ వాళ్ళు వచ్చి ఏం జరిగిందని అడిగితే తడుముకోకుండా చెప్పడానికి, ఏ రోజుది ఆ రోజు చెప్పి పెట్టుకుంటున్నాను. కోడలికి ముందే చెప్పాను. నేను అన్నది అన్నట్టు రాయి, నీ మంచితనం ఇందులో కలపకు అని.

విషయం ఇది. మా ఇల్లు రోడ్డు మీద ఉంది. ఒకప్పుడు టపా బళ్ళకు గుర్రాలు మార్చే మజిలీ. మా మామగారి తండ్రి కొన్నాడు. ముందువైపు పొడుగాటి వసారా, దానికి కమానులు. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు కుడివైపు మాకూ, ఎడమవైపు నా తోడికోడలికీ వచ్చింది. కమానులు బేసిగా ఉండడంతో నడిమిది సగం మాది, సగం వాళ్ళది. ఇప్పుడు ఆ అన్నదమ్ములు లేరు. నేనూ అదీ మిగిలాం. మేము మాట్లాడుకోం. ఎన్నేళ్ళైందని అడగకు, కోడలా, నువ్వు కాపురానికి రాకముందు సంగతి.

కారణం రంగు. నా సగం చిలకపచ్చ. దాని సగం గులాబి. నడిమి కమానుకు నెత్తిమీదనుంచి పాదాల దాకా పాపిడి తీసినట్టు గీత ఉంటుంది. ఇటు పచ్చ, అటు గులాబి.

రోడ్డు వెడల్పు చేస్తారని మనుషులు వచ్చి కమానులకు ఎర్రగుర్తులు పెట్టిపోయారు. వసారా మొత్తం పోతుందట. నేను పొద్దున లేస్తే కూచునేది అక్కడ. కూరలు తరిగేది అక్కడ. వీధిలో ఎవరు ఎవరితో పోతున్నారో చూసేది అక్కడ. వసారా పోతే లోపల గోడకేసి చూస్తూ కూచోవాలి. అంతకంటే నన్ను కూడా కొట్టేయమను.

బడిలో పాఠాలు చెప్పే టీచరమ్మ వచ్చింది. కాపాడవలసిన పాత కట్టడాల్లో మా ఇంటిని చేర్పిస్తే రోడ్డు వాళ్ళు ముట్టుకోరట. తన క్లాసు పిల్లలకు మా ఇల్లే పాఠమట.

"కానీ ముందుగోడ అంతా ఒకే రంగులో ఉండాలమ్మా. కట్టినప్పుడు ఏ రంగు ఉందో ఆ రంగు. దానికి మీ ఇద్దరూ ఒప్పుకుని కాగితం మీద పెట్టాలి" అంది.

"నేనెప్పుడో ఒప్పుకున్నాను. ఒప్పుకోనిది పక్కది."

"ఆవిడా ఇదే మాటన్నారు."

చూడు. నా మాట కూడా ఎత్తుకుపోయింది.

ఒకటి గట్టిగా రాయి. ప్రతిసారీ రంగు మార్చడం మొదలుపెట్టింది అది. నేను జవాబు చెప్పానంతే. దాని కింద గీత గియ్యి.

మంగళవారం

పిల్లలు వచ్చారు. వసారా నిండా పిల్లలే. నేను చీపురు పట్టుకుని నిలబడ్డాను. టీచరమ్మ వాళ్ళకు ముందుగా చెప్పిన మాట, "చేత్తో ముట్టుకునే ముందు కళ్ళతో ముట్టుకోవాలి" అని. ఆ మాట నాకు నచ్చింది. నేను మా కోడలికి గాజు గ్లాసుల గురించి ఎన్నాళ్ళనుంచో చెప్తున్నది అదే.

తర్వాత ఆవిడ సంచిలోంచి చిన్న బ్లేడు కత్తి తీసి నా గోడ మీద పెట్టింది.

"ఏమిటది?" అన్నాను.

"రంగును కొంచెం కొంచెం గీకుతామమ్మా. అరచేయంత మేర. ఒక్కో పొరను మెట్టులా వదిలేస్తూ అడుక్కి వెళ్తాం. అప్పుడు ఈ ఇల్లు ఏయే రంగులు కట్టుకుందో వరసగా కనిపిస్తాయి."

"నా గోడ తోలు ఒలుస్తావా?"

"మీకు నచ్చకపోతే వద్దులెండి. ఎడమవైపు ఆవిడ ఒప్పుకున్నారు, అక్కడే గీకుతాం."

దానివైపు చూసి నా వైపు చూడకపోతే ఈ ఇల్లు దాని ఒక్కదానిదే అనుకోరూ? కానిమ్మన్నాను.

రెండు జడల పిల్ల ఒకతె ఉంది. ముక్కు గోడకు ఆనించి గీకుతుంది, ఊదుతుంది, దూదితో తుడుస్తుంది, భూతద్దం పెట్టి చూస్తుంది. పచ్చ కింద నీలం వచ్చింది.

"అమ్మమ్మా, ఈ నీలం ఎందుకు వేశారు?"

"ఇష్టమై వేశాను."

"దాని కింద ఈ పసుపు?"

"అదీ ఇష్టమే."

"మరి ఇష్టమైంది ఎందుకు మార్చారు?"

"మీ బడిలో లెక్కలు చెప్పరా? పో, లెక్కలు చేసుకో."

వెళ్ళలేదు.

బుధవారం

ఏమీ లేదు. అవతల పొద్దుటినుంచి దగ్గు వినపడలేదు. రోజూ కాఫీ పొయ్యిమీద పెట్టే వేళకు దగ్గుతుంది. అది నాకు అనవసరం. ఇది రాయకు.

రాసేశావా, మందకొడీ.

గురువారం

పిల్లలు రాగానే, "ముందు అటువైపు వెళ్ళి గోడ బాగుందో లేదో చూసి రండి" అని పంపాను. గోడ బాగుందట. చిన్నమ్మమ్మ కూడా బాగుందట, గొంతు పట్టేసి ఉప్పునీళ్ళు పుక్కిలిస్తోందట. నేను గోడ గురించే అడిగాను.

టీచరమ్మ రెండు వైపులా బయటపడ్డ రంగులు బొమ్మ వేసి పిల్లలకు పాఠం చెప్పింది. ఇటూ అటూ రంగులు వేరువేరుగా ఉన్నాయంటే, వచ్చే బళ్ళకు ఒక రంగు, పోయే బళ్ళకు ఒక రంగు గుర్తుగా పెట్టుకుని ఉండవచ్చట. బళ్ళు తోలేవాళ్ళు దూరం నుంచే చూసి తెలుసుకునేవారట. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. నేను కూడా విన్నాను. బాగుంది. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు కాబట్టి నేను ఏమీ చెప్పలేదు.

రెండు జడలది చెయ్యెత్తింది.

"టీచర్, ఇది మా ఇంటి కిటికీకి వేసిన డబ్బా రంగులాగే ఉంది. గుర్రాలున్నప్పుడు డబ్బా రంగు ఉండేదా?"

టీచరమ్మ భూతద్దం తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత నా వంక చూసింది. నేను వీధి వంక చూశాను.

"వీళ్ళిద్దరూ పోట్లాడుకున్నారు టీచర్. ఒకళ్ళు వేస్తే ఇంకొకళ్ళు వేశారు" అంది ఆ పిల్ల.

పిల్లల ముందు పరువు పోకూడదని జరిగింది జరిగినట్టు చెప్పాను. ఇందులోనూ చెప్తున్నాను. పంపకాలయ్యాక గోడ మొత్తానికీ సరిపడా నేనే రంగు తెప్పించాను. లేతపచ్చ. ఎంత బాగుందో. నా సగం వేయించి, మిగతా డబ్బాలు దాని గుమ్మంలో పెట్టించాను. అది వచ్చి చూసి, పనివాళ్ళ ముందు, "అక్కా, ఇది ఆస్పత్రి గోడలా ఉంది" అంది. ఆ మర్నాడు దాని సగానికి మీగడరంగు వేయించుకుంది. మొదలంటే అదీ. రంగు వేయడం మొదలు కాదు. మాట అనడం మొదలు.

"అయితే రంగు మీరు ముందు వేశారు, మాట ఆవిడ ముందు అన్నారు" అంది రెండు జడలది.

దీన్ని పెంచిన తల్లి ఎవరో చూడాలి.

శుక్రవారం

బట్టలు ఆరేసుకోవడానికి కమానుకు మేకు కొడుతుంటే పిల్లలు సుత్తి లాక్కున్నారు.

"అమ్మమ్మా, ఇది కట్టడం."

"నా ఇల్లు."

"మీ ఇల్లే. కానీ కట్టడం."

తడిబట్టలు పట్టుకుని నేను నిలబడ్డాను. గులాబివైపు నుంచి నవ్వు వినిపించింది. కాసేపటికి అటునుంచి ఒక పిల్లాడు వచ్చి చేతులు కట్టుకుని, అప్పజెప్పాడు.

"చిన్నమ్మమ్మ చెప్పమంది. కొందరికి లంకంత ఇల్లున్నా మేకు కొడితేగాని నిద్రపట్టదని చెప్పమంది."

"వెళ్ళి చెప్పు. కొందరు గొంతు పట్టేసినా నోరు మాత్రం మూయరని చెప్పు."

వెళ్ళాడు. వచ్చాడు.

"గొంతు పట్టేసిందని మీకెలా తెలుసని అడగమంది."

నేను లోపలికి వచ్చేశాను.

ఆదివారం

ఇంతవరకూ చెప్పింది కోడలు సరిగ్గా రాసిందో లేదోనని నా కొడుకు చేత చదివించుకున్నాను. అంతా ఉంది. తనను మందకొడి అని నేను ఒకసారి తిడితే అదీ రాసుకుంది. నిజాయితీ గల మనిషి. మందకొడే, కానీ నిజాయితీ ఉంది.

నా కొడుకు, "అమ్మా, పిన్నితో మాట్లాడితే అయిపోతుంది కదా" అన్నాడు. వాడికి అన్నీ అయిపోవాలి.

సోమవారం

ఈ రోజు జరిగింది నెమ్మదిగా చెప్తాను, తప్పుల్లేకుండా రాయి.

కట్టినప్పటి రంగు కావాలంటే, చెయ్యి ఎక్కువ తగలని చోట గీకాలట. నడిమి కమాను లోపలి అంచు. సరిగ్గా గీత మీద. మా వైపు ఎక్కువ గీకుతారేమోనని నేను కుర్చీ తెచ్చుకుని కూచున్నాను. అది కూడా కుర్చీ తెచ్చుకుంది. మధ్యన రెండు జడలది స్టూలెక్కి గీకుతోంది. తోడికోడలికీ నాకూ మధ్య ఆ స్టూలే. దాని జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. పెరటి గోడ మీదనుంచి చూస్తే తెలియలేదు.

ఆ పిల్ల గీకడం ఆపి, టీచరమ్మను పిలిచింది. గీత దగ్గర రంగులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయట. బ్రష్షు ఎప్పుడూ గీత దగ్గర ఆగదు, కొంచెం అవతలికి పోతుంది. అందుకని తర్వాత వేసినవాళ్ళ రంగు ముందు వేసినవాళ్ళ రంగు మీదికి ఎక్కుతుంది. ఎవరి రంగు కిందుంటే వాళ్ళు ముందు వేసినట్టు. ఇది టీచరమ్మ పిల్లలకు చెప్పింది. చెప్పకపోతే బాగుండేది.

పిల్లలు ఒక్కొక్కరూ స్టూలెక్కి, పైనుంచి కిందికి చదివారు.

"పచ్చ కింద, గులాబి పైన. పెద్దమ్మమ్మ ముందు."

"నీలం కింద, ఊదా పైన. పెద్దమ్మమ్మ ముందు."

"పసుపు... దీని కింద వాళ్ళ వైపు నారింజ ఉంది. చిన్నమ్మమ్మ ముందు."

నేను కుర్చీలో సర్దుకుని కూచున్నాను.

"లేతపచ్చ కింద, మీగడ పైన. పెద్దమ్మమ్మ ముందు."

గోడకు మాటలు అంటవు. రంగే అంటుతుంది. అందుకని సగం సాక్ష్యమే చెప్తోంది. ఇది కూడా గట్టిగా రాయి.

అది నవ్వనైనా నవ్వలేదు. నవ్వి ఉంటే నేను ఏదో ఒకటి అని ఉండేదాన్ని.

అన్నిటికంటే అడుగున గోడకు అంటుకుని ఇంకో పొర వచ్చింది. ఇటూ అటూ ఒకటే. టీచరమ్మ కళ్ళు వెలిగిపోయాయి. "ఇదే, ఇదే కట్టినప్పటి రంగు" అంది. సున్నంలో మట్టి కలిపి పూసిందట. వానల్లో బళ్ళు చిమ్మే బురద గోడ మీద పడ్డా తెలియకుండా. గోడ అంతా మళ్ళీ ఈ రంగు వేస్తారట.

నేను కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. బురద. అచ్చంగా బురద.

"ఈ రంగా మా ఇంటికి?" అన్నాను.

"ఈ రంగా మా ఇంటికి?" అంది అది, నా నోట్లోంచి మాట ఊడిపడకముందే.

పిల్లలు నవ్వారు. మేము నవ్వలేదు. మేము ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం, అంతే. మాట్లాడుకున్నట్టు కాదు అది. ఇద్దరం టీచరమ్మతోనే అన్నాం.

మంగళవారం

టీచరమ్మ కాగితం తెచ్చింది. మట్టిరంగుకు ఒప్పుకుంటున్నామని. గొడుగు లేకుండా కదలని ఒక పెద్దమనిషి కమిటీకి పెద్దట. ఎల్లుండి వస్తాడట. అప్పటికి రెండూ పడాలి, నా వేలిముద్ర, దాని సంతకం. దానికి సంతకం వచ్చు. తెలివి రాదు.

నేను బురదకు ఒప్పుకున్నాను. వసారా ఉంటే బురదైనా ఫరవాలేదు. కానీ ముందు అది పెట్టాలి. నేను ముందు పెడితే దిగివచ్చానని వీధంతా చెప్పుకుంటుంది.

కాగితం అటు వెళ్ళింది. "అక్కే పెద్దది, అక్క పెట్టాక నేను పెడతాను" అందట. నన్ను గౌరవించినట్టే ఉంది కదా. దాని ఎత్తులన్నీ ఇలాగే ఉంటాయి.

కాగితం ఇటు వచ్చింది. నేను ముట్టుకోలేదు. మళ్ళీ అటు వెళ్ళింది. పిల్లలకు కాళ్ళు నొప్పులు పుట్టాయి.

బుధవారం

రోడ్డు వాళ్ళు వచ్చి, ఎర్రగుర్తులు వెలిసిపోయాయని మళ్ళీ దిద్దిపోయారు. నా వేలు నా దగ్గరే ఉంది.

గురువారం

గొడుగాయన వచ్చాడు. ఎండా లేదు, వానా లేదు, గొడుగుతో వచ్చాడు. ఆ గొడుగు మొనతోనే మా గోడను తట్టాడు. గుల్ల శబ్దం వచ్చింది.

"సున్నపు గోడ మీద ఆయిల్ పెయింటు వేస్తే చెమ్మ బయటికి పోదు. గోడ పూత ఇలా ఉబ్బిపోతుంది. చూడండి పిల్లలూ, పాత గోడకు ఇంతకంటే అన్యాయం చేయలేం. మొదట వేసిందెవరు?" అన్నాడు.

పిల్లలందరికీ తెలుసు. ఏ ఒక్కరూ నా వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి అందరూ కలిసి పైకప్పు వంక చూశారు. రెండు జడలది నోరు తెరిచి మూసుకుంది.

"నేనేనండీ. తెలియక వేశాను" అంది నా తోడికోడలు.

కోడలా, నువ్వక్కడే ఉన్నావు, చూశావు. ఎంత మెత్తగా అందో. తల వంచుకుని మరీ. ఆ గొడుగాయన కూడా వెంటనే చల్లబడి, "పోన్లెండి, ఆ రోజుల్లో ఎవరికి తెలుసు" అన్నాడు. పిల్లలు దాని వంక ఎలా చూశారో. రేపటినుంచి వీధి వీధంతా చెప్పుకుంటారు, అక్క తప్పు తన నెత్తిన వేసుకున్న మహాతల్లి అని. నేను బతికుండగా అది మహాతల్లి అయిపోతుందా?

"దానికంత సొంత బుర్ర ఎక్కడిది? మొదట వేసింది నేను" అన్నాను.

గొడుగాయన నా వైపు తిరిగాడు.

"ఈ వీధిలో సున్నం తప్ప ఇంకోటి తెలియని రోజుల్లో రంగు అంటే ఏమిటో చూపించింది నేను. లేతపచ్చ నేనే. నీలం నేనే. చిలకపచ్చ నేనే. అది ఎప్పుడూ నా వెనకాలే వచ్చింది. కావలిస్తే గోడను అడగండి."

"పసుపుకు ముందు నారింజ నాది, అక్కా" అంది అది. తల ఇప్పుడు వంచుకోలేదు.

"ఒకటి. ఒకే ఒకటి. అది కూడా బత్తాయి తొక్కలా ఉండేది."

"బత్తాయి తొక్కే నయం, ఆస్పత్రి కంటే."

"మళ్ళీ అన్నావూ ఆ మాట?"

"గోడ మీద రాయలేదు కదా, మర్చిపోతావేమోనని అన్నాను."

టీచరమ్మ "అమ్మా, అమ్మా" అంటోంది. గొడుగాయన గొడుగు విప్పాడు, ఎందుకో మరి. రెండు జడలది నా ముందుకు వచ్చి నిలబడింది.

"అయితే అన్నిటికీ మీరే ముందు, కదా అమ్మమ్మా?"

"మరి ఎవరనుకున్నావు?"

"అయితే ఇక్కడా మీరే" అని కాగితం చాపి, సిరా పెట్టె మూత తీసింది.

నా జన్మలో నన్ను అలా ఎవరూ ఇరికించలేదు. అందరూ చూస్తున్నారు. వెనక్కి తగ్గితే ఇప్పుడే చెప్పిందంతా అబద్ధమవుతుంది, ముందుకెళ్తే దిగివచ్చినట్టవుతుంది. ఆ పిల్ల సిరా పెట్టె పట్టుకుని కదలకుండా నిలబడింది. కంటికి రెప్ప కూడా వేయలేదు. నేను దాని వయసులో అచ్చం అలాగే ఉండేదాన్ని.

వేలు పెట్టాను.

దాని కింద తోడికోడలు సంతకం చేసింది. కింద. రాశావా? కాగితం మీద పైనున్నవాళ్ళు ముందు, గోడ మీద కిందున్నవాళ్ళు ముందు. రెండు చోట్లా నేనే.

శుక్రవారం

ఎర్రగుర్తులు చెరిపేశారు. దగ్గరుండి చెరిపించాను.

శనివారం

డబ్బా రంగులన్నీ గీకేసి పనివాళ్ళు సున్నం పూస్తున్నారు. పిల్లలు గీకిన ఆ మెట్ల ముక్క మాత్రం చూడడానికి వదిలేశారు. సున్నంలోకి మట్టి జల్లించే పని పిల్లలకిచ్చారు. సగం మట్టి వాళ్ళ మొహాల మీదే ఉంది. తడిగా ఉన్నప్పుడు బురదలా ఉంది కానీ ఆరేకొద్దీ రంగు తేలుతోంది. బాగుందని నేను అనలేదు. తేలుతోందన్నాను.

నడిమి కమాను గీత పోయింది. నాది ఎక్కడిదాకానో ఇప్పుడు చూస్తే తెలియడం లేదు. అది కుర్చీ తెచ్చుకుని వేసుకుంది.

"నీ కుర్చీ నా వైపుంది" అన్నాను.

"గీత ఎక్కడుందో చూపించు అక్కా, జరుపుకుంటాను" అంది.

చూపించలేకపోయాను. లోపలికి వచ్చి నీకు చెప్పి రాయిస్తున్నాను. గీత పోయినా నా సగం నా సగమే, అది ఎంత దూరం వచ్చి కూచుంటే అంత దూరం నేనూ...

ఆగు. అవతలినుంచి ఏదో అంటోంది. "కొందరి వైపు సున్నం కాస్త ముదురుగా వచ్చింది" అంటోంది.

కలం మూసెయ్, కోడలా. ఇక్కడ కూచుని నీతో చెప్తే దానికెలా వినపడుతుంది? నా కుర్చీ బయట వెయ్యి.